కాలి పట్టు నుంచి మర పట్టు దాకా

గడ్చిరోలి జిల్లా ముల్చేర, అహేరి, సిరొంచ తాలూకాల్లో ఏ ఊళ్లో కర్రపని జరుగుతున్నా ఒక దృశ్యం కనిపిస్తూనే ఉంటుంది. చెట్టునీడలో ఒకాయన నేలమీద కూర్చుని ఉంటాడు. ముందు ఒక మొద్దు, మొద్దు మీద దర్వాజకు కావలసిన టేకు బద్ద, ఆ బద్ద మీద ఆయన ఎడమ పాదం. చేతుల్లో ఉలి, కొయ్యసుత్తి. తెలుగు ఇళ్లవాళ్లు ఆయన్ని వడ్లాయన అంటారు. మరాఠీవాళ్లు సుతార్ అంటారు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి ఇక్కడి అడవి పక్కన స్థిరపడిన బెంగాలీ కుటుంబాలవాళ్లు మిస్త్రీ అంటారు. పిలుపు మారుతుంది గాని బద్ద మీది పాదం మారదు.

చూసేవాళ్ల కళ్లు చేతుల మీదే ఉంటాయి. ఉలి ఎంత చక్కగా దిగుతోంది, రందా ఎంత పలచని పొట్టు తీస్తోంది అని మెచ్చుకుంటాం. పాదాన్ని ఎవరూ పట్టించుకోరు. అయితే పని నేర్చుకోవాలనుకునే కుర్రవాడు ఎవరైనా ఒక ప్రశ్న తప్పక అడుగుతాడు: "పట్నంలో కార్ఖానావాళ్లు పెద్ద బల్ల దగ్గర నిలబడి పని చేస్తారు. బల్లకు ఇనుప పట్టు ఒకటి ఉంటుంది. మన పెద్దలు అవేమీ లేకుండానే తలుపులు, నాగళ్లు, ఎడ్లబండ్లు చేశారు కదా. మరి ఆ బల్ల నిజంగా కావాలా? కావాలంటే ఎలా చేసుకోవాలి? దానికి ఏ పట్టు కొనాలి?"

ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్నకు జవాబే. జవాబు ఆ పాదం దగ్గర మొదలవుతుంది.

కాలు చేస్తున్న పని

కర్రను కోయాలన్నా, తొలచాలన్నా, నునుపు చేయాలన్నా పనిముట్టు ఒక్కటే కదలాలి, కర్ర కదలకూడదు. రెండూ కదిలితే ఏమవుతుందో కూరగాయలు తరిగే ప్రతి ఇంట్లోనూ తెలుసు. కత్తిపీట పీటను కాలి కింద నొక్కిపట్టకపోతే గుమ్మడికాయ తెగదు, చెయ్యి తెగుతుంది. వడ్లాయన పాదం చేస్తున్నదీ అదే. మనిషి బరువులో కొంత భాగాన్ని మడమ మీదుగా బద్దలోకి దించి, దాన్ని మొద్దుకు అదిమి ఉంచుతుంది.

ఆ పట్టులో గొప్ప నేర్పు ఉంది. పాదం బద్ద ఆకారాన్ని బట్టి ఒదుగుతుంది. వంకర కొమ్మనైనా, గుండ్రటి బండి ఆకునైనా పట్టుకుంటుంది. బిగించడానికి, వదలడానికి క్షణం పట్టదు. ఉలి దెబ్బకు కర్ర ఎటు జారబోతోందో చర్మానికి ముందే తెలుస్తుంది. జపాన్ వడ్రంగులు కూడా నేలమీదనే, వాలుగా ఆనించిన దూలం మీద రందాను తమవైపు లాగుతూ అతి సున్నితమైన పని చేశారు. కాబట్టి నేలమీద పని చేయడం వెనకబాటు అని ఎవరైనా అంటే నమ్మవలసిన అవసరం లేదు.

అయితే పాదానికి హద్దులు ఉన్నాయి. ఆరడుగుల పలకను ఒక చివర నుంచి మరో చివరకు రందా పట్టాలంటే పాదం అడ్డొస్తుంది. పలకను అంచు మీద నిలబెట్టి సాపు చేయాలంటే పాదంతో నిలబెట్టలేం. రంపంతో సన్నని గీత వెంట కోయాలంటే కర్ర వెంట్రుకవాసి కూడా ఒరగకూడదు. ఊపిరి తీసే శరీరం అంత నిశ్చలంగా ఉండలేదు. పైగా జారిన ఉలి ముందుగా తాకేది ఆ పాదాన్నే. యాభై ఏళ్లు దాటాక మోకాళ్లు, నడుము కూడా తమ మాట చెప్తాయి.

పనిబల్ల పాదానికి ఇలాంటి చోట్ల సాయం వస్తుంది. దాన్ని వస్తువులు పెట్టుకునే బల్ల అనుకుంటే మొదటి అడుగులోనే పొరబడతాం. పనిబల్ల ఒక పెద్ద పట్టు. దానికి బిగించే మర అదే పట్టుకు పిడికిలి.

బరువే మొదటి గుణం

రందా తోసే మనిషి ప్రతి తోపులో సుమారు పది పదిహేను కిలోల బలం ముందుకు పెడతాడు. ఆ బలం రందా నుంచి పలకకు, పలక నుంచి బల్లకు, బల్ల నుంచి నేలకు చేరుతుంది. బల్ల జరగకుండా ఆపేది దాని కాళ్ల కిందనున్న రాపిడి ఒక్కటే. మామూలు నేలమీద ఈ రాపిడి, బల్ల బరువులో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుందని లెక్క వేసుకోవచ్చు.

ముప్ఫై కిలోల బడిబల్ల తీసుకోండి. దాని రాపిడి పది పదిహేను కిలోలు. తోసే బలమూ అంతే. ప్రతి తోపుకూ బల్ల ఇంచుమించు జరుగుతూనే ఉంటుంది, పనివాడు గది చుట్టూ దాని వెంట నడుస్తాడు. అదే 120 కిలోల బల్ల అయితే రాపిడి నలభై కిలోలు దాటుతుంది. ఇక మనిషి ఎంత తోసినా అది గోడలా నిలబడుతుంది. తేలికైన బల్లను నేలకు మేకులతో బిగించవచ్చు, అడుగున ఇసుకబస్తాలు పెట్టవచ్చు. కాని బరువు బల్లలోనే ఉంటే అవేమీ అక్కర్లేదు.

రెండో గుణం పైపలక మందం. నాగటి మేడికి సన్న కర్ర ఎందుకు పనికిరాదో రైతుకు తెలుసు. వంగే గుణం మందాన్ని బట్టి చాలా వేగంగా మారుతుంది. పలక మందం రెట్టింపు చేస్తే అది వంగడం సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంగుళంన్నర పలక మీద ఉలి కొడితే పలక ఊగుతుంది, దెబ్బలో కొంత ఆ ఊగుడుకే పోతుంది. మూడంగుళాల పలక మీద కొడితే దెబ్బంతా ఉలి అంచుకు చేరుతుంది. చెవికి కూడా ఈ తేడా వినిపిస్తుంది: పలుచని బల్ల డప్పులా మోగుతుంది, మందమైన బల్ల రోలులా మూగగా ఉంటుంది. రోలు బరువుగా ఎందుకు చేశారో తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

అందుకే ఒక మనిషి వాడే బల్లకు ఈ కొలతలు సరిపోతాయి: పైపలక ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడంగుళాల మందం. కాళ్లు అయిదంగుళాల చదరం. పైపలకకే మూడు ఘనపుటడుగుల కర్ర పడుతుంది. కాళ్లు, కాళ్లను కలిపే అడ్డపట్టెలు కలిపితే మొత్తం అయిదున్నర ఘనపుటడుగులకు దగ్గరవుతుంది.

ఈ అడవిలో ఏ కర్ర?

ఈ ప్రాంతంలో ఉండి కర్ర గురించి మాట్లాడితే మొదట నోట్లోకి వచ్చేది టేకు. మరాఠీలో సాగ్‌వాన్. అల్లాపల్లి అడవుల టేకుకు దేశమంతా పేరు. కమలాపూర్‌లో ఇప్పుడు చూడటానికి వెళ్లే ఏనుగులు ఒకప్పటి అటవీశాఖ దుంగలు లాగిన ఏనుగుల పరంపర. 2023లో అయోధ్య రామమందిరం తలుపుల కోసం టేకు వెళ్లింది పొరుగునున్న చంద్రపూర్ జిల్లా బల్లార్పూర్ డిపో నుంచే. అల్లాపల్లి దగ్గర 'గ్లోరీ ఆఫ్ అల్లాపల్లి' పేరుతో సుమారు 6 హెక్టార్ల అడవిని 1953 నుంచి గొడ్డలి తగలకుండా కాపాడుతున్నారు. 2014లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడి చెట్ల మొదళ్లు చూసినవాళ్లకు మంచి టేకు తయారు కావడానికి ఒక మనిషి జీవితకాలం చాలదని అర్థమవుతుంది.

టేకు గొప్పదనం బరువులో లేదు. అది వంకర తిరగదు, చెద తినదు, పనిముట్టుకు లొంగుతుంది. బాగా ఆరిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగుతుంది. మన కొలతల బల్ల అంతా టేకుతో చేస్తే దాదాపు 100 కిలోలు అవుతుంది. దాని లోపల సహజంగా ఉండే నూనె వల్ల బంక సరిగా అంటదు. అతికించే ముందు అంచును అప్పుడే రందా పట్టి, వెంటనే బంక రాయాలి. దానిలో ఇసుకరేణువుల్లాంటి సిలికా ఉంటుంది, అందుకే ఉలి తొందరగా మొద్దుబారుతుంది.

బల్లకు దీనికంటే బరువైన చెట్టు మన పక్కనే ఉంది. నల్లమద్ది. మొసలి చర్మంలా గళ్లు గళ్లుగా పగిలిన బెరడుతో అడవిలో దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. మరాఠీవాళ్లు దాన్ని ఐన్ అంటారు. ఆరిన నల్లమద్ది ఘనపుటడుగు సుమారు 24 కిలోలు. అదే బల్ల 130 కిలోలు అవుతుంది. దాని లోపం ఆరేటప్పుడు బయటపడుతుంది: తొందరపెడితే కొసల నుంచి చీలుతుంది. కొసలకు పేడో పెయింటో పూసి, నీడలో వరసల మధ్య బద్దలు పెట్టి పేర్చి, నెమ్మదిగా ఆరబెట్టాలి. అంగుళం మందానికి ఒక ఏడాది చొప్పున అన్నది పాత లెక్క.

ఇంత ఓపిక లేనివాళ్లకు ఇంకా మంచి దారి ఉంది. పాత ఇళ్లు కూల్చినప్పుడు దిగే దూలాలు, వాసాలు, గడపలు. అవి ఇంటి కప్పు కింద యాభై అరవై ఏళ్లు ఆరి ఉంటాయి. అవి కుంచించుకోవలసినంతా ఎప్పుడో కుంచించుకున్నాయి. మేకులు జాగ్రత్తగా లాగేస్తే బల్లకాళ్లకు వాటికి మించిన కర్ర దొరకదు. కొత్త కర్రే కావాలంటే అటవీశాఖ డిపోలో కొని, రవాణా కాగితం చేతికి తీసుకుని తెచ్చుకోండి. దొంగతనంగా నరికిన దుంగతో చేసిన బల్ల మీద నిజాయతీగల పని మొదలు కాదు.

కర్ర ఊపిరి పీలుస్తుంది

వానాకాలంలో తలుపు గుమ్మానికి పట్టేసుకోవడం, ఎండాకాలంలో అదే తలుపుకు సందు రావడం అందరికీ తెలుసు. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు మోసిన సన్నని గొట్టాల కట్టే కర్ర. చెట్టు పోయినా ఆ గొట్టాల గోడలు గాలిలోని తేమను తాగుతూ, వదులుతూ ఉంటాయి. తాగితే ఉబ్బుతాయి, వదిలితే కుంగుతాయి.

ఈ మార్పు అన్నివైపులా ఒకేలా ఉండదు. పొడుగునా దాదాపు సున్నా. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి కాండం వలయాల వెంట సుమారు 6 శాతం, కేంద్రం నుంచి బెరడు వైపు సుమారు 2.5 శాతం కుంగుతుంది. మన బల్ల పైపలక రెండడుగుల వెడల్పు. గడ్చిరోలి మే నెల ఎండకూ ఆగస్టు వానకూ మధ్య అది అయిదారు మిల్లీమీటర్ల దాకా పెరగవచ్చు. ఆ పెరుగుదలను ఆపాలని నాలుగువైపులా బిగించేస్తే కర్ర ఒప్పుకోదు. ఏదో ఒక చోట చీలుతుంది, లేదా చట్రాన్ని విరగదీస్తుంది.

కాబట్టి ఆపకూడదు, దారి ఇవ్వాలి. పైపలకను ముందంచు దగ్గర చట్రానికి గట్టిగా బిగించండి. వెనకంచు దగ్గర బోల్టు పట్టే రంధ్రాన్ని గుండ్రంగా కాకుండా పొడుగాటి గాడిలా తొలచండి. వానాకాలంలో పలక వెనక్కి పెరుగుతుంది, ఎండాకాలంలో వెనక నుంచే తగ్గుతుంది. మర ఉండే ముందంచు ఏడాది పొడుగునా ఒకే చోట నిలుస్తుంది.

నాలుగు కాళ్లు ఊగకుండా

బరువు సరిపోయింది, కర్ర కుదిరింది. ఇక బల్ల ఊగకూడదు. నాలుగు బద్దలకు మూలల్లో ఒక్కొక్క మేకు కొట్టి చదరం చేసి, పక్కనుంచి తోయండి. అది వాలిపోతుంది. మూడు బద్దలతో ముక్కోణం చేసి తోయండి. విరిగితే విరుగుతుంది గాని వాలదు. పల్లెల్లో తలుపు వెనక ఏటవాలుగా ఒక బద్ద కొట్టడం వెనకున్న రహస్యం ఇదే: ఆ బద్ద తలుపు చదరాన్ని రెండు ముక్కోణాలుగా మారుస్తుంది.

బల్లకు ఏటవాలు బద్దలు వేస్తే కాళ్లకు తగులుతాయి, మరకు అడ్డొస్తాయి. అందుకే వడ్రంగులు ఇంకో దారి పట్టారు. అడ్డపట్టెను వెడల్పుగా, అయిదంగుళాలకు తగ్గకుండా తీసుకుని, దాని కొసను కుసిగా చెక్కి, కాలిలో తొలచిన గాడిలోకి దిగేస్తారు. కాలు వాలాలంటే అయిదంగుళాల పొడవునా కుసి పైన ఒకవైపు, కింద మరోవైపు గాడి గోడలను తోయాలి. పట్టె ఎంత వెడల్పయితే ఆ గోడలు అంత బలంగా ఎదురుతోస్తాయి. కుసికీ గాడికీ అడ్డంగా ఒక చిన్న కొయ్యమేకు కొడితే చాలు, బంక లేకపోయినా తరాలు నిలుస్తుంది. మన ఎడ్లబండ్లు ఇనుప మేకుల మీద కాదు, కుసుల మీదే నడిచాయి.

ఎత్తు విషయంలో కొలబద్ద మీ ఒంట్లోనే ఉంది. నిటారుగా నిలబడి చేతులు వదిలేయండి. పిడికిలి కణుపులకూ మణికట్టుకూ మధ్య ఎక్కడో పైపలక రావాలి. మామూలు ఎత్తు మనిషికి అది 28 నుంచి 32 అంగుళాలు. రందాపని ఎక్కువ చేసేవాళ్లు కిందికి, సన్నని చెక్కుడుపని చేసేవాళ్లు పైకి జరుపుకోవాలి. రందా తోపు భుజాల నుంచి కాదు, ఒంటి బరువు నుంచి రావాలి. బల్ల ఎత్తయితే ఆ బరువు చేతులకు చేరదు.

తీగ నేర్పిన మర

ఇప్పుడు పిడికిలి సంగతి. ఇంగ్లీషువాళ్లు వైస్ అనే ఈ పరికరాన్ని మనం పట్టుమర అనుకుందాం. వైస్ అన్న మాట పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని మూలం లాటిన్‌లో ద్రాక్షతీగకు ఉన్న పేరు. కాకరపాదు, బీరపాదు నులితీగలు పందిరి కర్రకు చుట్టుకుని ఎలా పైకి పోతాయో చూశాం కదా. మర కూడా అలాగే ఇనుపకడ్డీ చుట్టూ చుట్టుకుని పోయే గట్టు.

మరలో ఉన్న మాయ గుట్ట ఎక్కే బాటలో ఉంది. నిండు బండితో గుట్టను నిట్టనిలువుగా ఎక్కించలేం. చుట్టూ తిరిగే బాట వేస్తే ఎడ్లు అదే బండిని పైకి లాగేస్తాయి. దూరం పెరిగింది, అందుకు బదులుగా లాగాల్సిన బలం తగ్గింది. త్రికోణంగా కత్తిరించిన కాగితాన్ని పెన్సిలుకు చుట్టి చూడండి: ఏటవాలు అంచు మరచుట్టుగా మారుతుంది. మర అంటే కడ్డీకి చుట్టిన గుట్టబాట.

లెక్క వేద్దాం. పట్టుమర చేతికర్ర మధ్య నుంచి 15 సెంటీమీటర్ల పొడవు ఉందనుకుందాం. ఒక చుట్టు తిప్పితే చెయ్యి సుమారు 94 సెంటీమీటర్లు తిరుగుతుంది. మరచుట్ల మధ్య ఎడం 6 మిల్లీమీటర్లు అయితే దవడ ముందుకు జరిగేది 6 మిల్లీమీటర్లే. చెయ్యి నడిచిన దూరం దానికి 150 రెట్ల పైచిలుకు. అంటే చెయ్యి 10 కిలోల బలం పెడితే దవడ దగ్గర 1500 కిలోలు రావాలి. నిజానికి అంత రాదు. నాలుగింట మూడు వంతుల దాకా రాపిడి తినేస్తుంది. మిగిలింది నాలుగు క్వింటాళ్లకు అటూఇటూ.

అంత రాపిడి వృథా అనిపించవచ్చు. కాని అది లేకపోతే పట్టుమరే లేదు. బిగించి చెయ్యి తీసేయగానే నొక్కుకున్న కర్ర మరను వెనక్కి తిప్పేయాలని చూస్తుంది. దాన్ని తిరగనివ్వకుండా ఆపేది ఆ రాపిడే. చెయ్యి వదిలినా వదలని మరలో, పెట్టిన పనిలో సగం కంటే ఎక్కువ రాపిడికి పోక తప్పదు. పాదానికీ మరకూ ఉన్న పెద్ద తేడా ఇది: పాదం అలసిపోతుంది, మర అలసిపోదు.

మరో సంగతి. కర్రను ఆపడానికి నాలుగు క్వింటాళ్ల నొక్కుడు అక్కర్లేదు. దవడ లోపలివైపు నున్నని ఇనుము ఉంటే కర్ర జారుతుంది, జారుతోందని ఇంకా బిగిస్తాం, కర్ర నలుగుతుంది. అదే దవడకు ఒక చెక్కపలక బిగించి, దాని మీద తోలుముక్క అంటిస్తే రాపిడి పెరిగి సగం బిగువుకే కర్ర నిలుస్తుంది. పాత బెల్టు తోలైనా సరే. ఖరీదైన మర కొనే ముందు ఈ తోలుముక్క ప్రయత్నించండి.

ఏ పట్టుమర కొనాలి?

మర లేని కాలంలోనూ బల్లలు ఉన్నాయి. జర్మనీలోని సాల్‌బర్గ్ రోమన్ కోటలో మోకాలెత్తు పనిబల్లలు పాతబావుల్లోంచి బయటపడ్డాయి. వాటికి మర లేదు. పలకలోని రంధ్రాల్లో మేకులు, ఆ మేకులకు ఆనించే చీలలు, పైన కూర్చునే మనిషి బరువు, అదే పట్టు. జర్మనీ నూరెంబర్గ్‌లో 1505లో గీసిన బొమ్మల్లో మర బిగించిన బల్ల కనిపిస్తుంది. ఫ్రెంచి వడ్రంగి ఆంద్రే జాకబ్ రూబో 1769లో మొదలుపెట్టి ప్రచురించిన పెద్ద గ్రంథంలో, అయిదారంగుళాల మందపు పలకతో చూపిన బల్లను ఈనాటికీ ప్రపంచమంతటా చేసుకుంటున్నారు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది మర బ్రాండు కాదు. మీరు చేసే పనిలో కర్రను ఎన్ని తీర్లుగా పట్టాలి? తలుపులు, కిటికీలు చేసేవాళ్లకు పొడుగు పలకను అంచు మీద నిలబెట్టడం రోజూ ఉండే పని. కుర్చీలు, మంచాలు చేసేవాళ్లకు కాళ్లలో గాడులు తొలవడం ఎక్కువ. బొమ్మలు చెక్కేవాళ్లకు ముక్కను అటూఇటూ తిప్పుతూ పట్టడం కావాలి. పనిని బట్టి మర.

ఒకటి, కాలిమర. బల్ల ముందుకాలికి ఎదురుగా అంతే ఎత్తున మందమైన చెక్క నిలబెట్టి, మధ్యలో ఒకే మర దూరుస్తారు. అడుగున రంధ్రాలున్న ఒక జోడుబద్ద ఆ చెక్కను కాలికి సమాంతరంగా ఉంచుతుంది. నేలనుంచి మూడింట రెండు వంతుల ఎత్తులో మర ఉంటే, మర నొక్కుడులో మూడింట రెండు వంతులు పైదవడకు చేరుతుంది. మర పైన జానెడు లోతు ఖాళీ దొరుకుతుంది, వెడల్పు పలకలు అందులో హాయిగా కూర్చుంటాయి. ఇనుప మర ఒక్కటే కొంటే చాలు, మిగతాదంతా మన కర్రే. పల్లె వడ్రంగికి నా మొదటి సలహా ఇదే. దీని చిక్కు ఒకటే: ముక్క మందం మారినప్పుడల్లా వంగి కింది మేకు మార్చాలి.

రెండు, బల్ల కింద బిగించే ఇనుప పట్టుమర. రెండు ఉక్కు కడ్డీలు దవడను నిటారుగా నడిపిస్తాయి. 7, 9, 10 అంగుళాల దవడలతో దొరుకుతుంది. తలుపుపనికి 9 అంగుళాలది చాలు. కొన్నిటికి మీట ఉంటుంది. అది నొక్కితే లోపలి సగం నట్టు మర నుంచి తప్పుకుని, దవడ ఒక్క లాగుకు జరుగుతుంది. రోజంతా బిగించి వదిలేవాళ్లకు ఆ మీట విలువ తెలుస్తుంది. బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు: ఇనుప దవడ పైఅంచు బల్లకంటే అర అంగుళం కిందికి ఉండాలి, లేకపోతే రందా కత్తి దానికి తగులుతుంది. వెనకదవడ బల్ల ముందంచుతో సమంగా ఉండాలి, అప్పుడే పొడుగు పలక మరకూ బల్ల అంచుకూ ఒకేసారి ఆనుతుంది.

మూడు, కొసమర. బల్ల కుడిచివర బిగించి, పైపలకలో వరుసగా తొలచిన రంధ్రాల్లో అడ్డుమేకులు పెడితే, పని చేసే కర్రను రెండు కొసల మధ్య పట్టుకుంటుంది. పైముఖం మొత్తం ఖాళీగా ఉంటుంది కాబట్టి రందాకు అడ్డు ఉండదు. ఇది రెండో ఏడాది కొనుక్కోవచ్చు. మొదట్లో ఒక ఎదురుదిమ్మ, ఒక జత చీలలు అదే పని చేస్తాయి. ఎనిమిదంగుళాల పొడవుకు అంగుళం వాలు ఉన్న చీల సుత్తిదెబ్బకు బిగుస్తుంది. వాలు తక్కువ కనుక రాపిడి దాన్ని వెనక్కి జారనివ్వదు. మరలోని సూత్రమే, చుట్టకుండా చాపి పెట్టినది.

కొనకూడనిది కూడా చెప్పాలి. ఇనుప సామాన్ల దుకాణంలో ముందు చూపించేది బల్ల పైన నిలబడే ఫిట్టరు వైస్. దాని దవడలకు పళ్లు ఉంటాయి. ఇనుప ముక్కను ఆకురాయి పట్టడానికి అది సరైనది. కర్రను అందులో పెడితే పళ్లు దిగుతాయి, చెక్కిన పని పాడవుతుంది. ఎంత గట్టిగా కనిపించినా కర్రపనికి దాన్ని తీసుకోకండి.

దుకాణంలో ఇలా పరీక్షించండి. దవడల ఒక చివర మాత్రమే చెక్కముక్క పెట్టి బిగించండి. రెండో చివర దవడలు దగ్గరకు ఒరుగుతాయి. ఏ మరైనా కొంత ఒరుగుతుంది. బాగా ఒరిగేది కడ్డీలు వదులుగా ఉన్నది. ఇంట్లో పని చేసేటప్పుడు రెండో చివర అంతే మందం ముక్క ఒకటి పెడితే ఆ ఒరుగుడు ఆగుతుంది. ఆ తరవాత మరను చివరికంటా తిప్పి చూడండి. ఎక్కడా పట్టేయకుండా, ఎక్కడా లటలటలాడకుండా ఒకే తీరున తిరగాలి.

మొదటి బల్ల

ఈ నేలమీద రెండు వస్తువులు పుష్కలంగా ఉన్నాయి. అల్లాపల్లి అడవిలో టేకు, నల్లమద్ది. ఏటపల్లి తాలూకా సూర్జాగఢ్ గుట్టల్లో ఇనుప ఖనిజం. పనిబల్లకు కావలసినవి కూడా ఆ రెండే: కర్ర, ఇనుము. కర్ర దుంగలుగా, ఇనుము ఎక్కువగా రాయిగా ఇక్కణ్ణుంచి లారీలెక్కి వెళ్లిపోతాయి. తిరిగి వచ్చేటప్పుడు తయారైన తలుపులుగా, తయారైన మంచాలుగా వచ్చి, ఇక్కడి ఇళ్లలో ఎక్కువ ధరకు నిలబడతాయి. మధ్యలో పోయిన విలువ ఇక్కడి పిల్లల చేతుల్లోంచి జారిపోయిన విలువే. ప్రతి ఆశ్రమశాలలో, ప్రతి ఐటీఐ పక్క షెడ్డులో 130 కిలోల బల్ల ఒకటి, దానికి 9 అంగుళాల మర ఒకటి ఉండాలని నేను కోరుకునేది అందుకే. ఒక బల్ల యాభై ఏళ్లు నిలుస్తుంది. దాని మీద యాభై తరగతుల పిల్లలు పని నేర్చుకుంటారు.

ఇక మొదలుపెట్టాలనుకున్న కుర్రవాడికి చివరి మాట. పాత ఇంటి దూలాలు సంపాదించు. వాటిని అయిదంగుళాల చదరంగా సాపు చేసుకో. గాడులు తొలుచు, కుసులు చెక్కు. ఈ మొదటి బల్ల చేసేటప్పుడు నీకు బల్ల ఉండదు, మర ఉండదు. మీ ఊరి వడ్లాయన పక్కన నేలమీద కూర్చుని, బద్ద మీద ఎడమ పాదం ఎలా వేయాలో ఆయన్నే అడిగి నేర్చుకుని, ఆ పట్టుతోనే దాన్ని చేయాలి.